అరకా, ఊటీయా, హార్స్లీ హిల్సా? కొండెక్కే ముందు చూసుకోవలసిన లెక్క

మా ఇంట్లో సెలవుల చర్చ ప్రతిసారీ ఒక ఫోటోతో మొదలవుతుంది. పోయిన ఏడాది మా చెల్లెలు వంజంగి ఫోటో ఒకటి పంపింది. పాల సముద్రంలా మేఘాలు, వాటి మీద లేత ఎండ, అంచున చేతులు చాచి నిలబడ్డ కుర్రవాడు. అందరూ ఆహా అన్నారు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "అక్కడిదాకా కారు పోతుందా, నడవాలా?"

సరైన ప్రశ్న అదే. ఫోటో చూసి కొండను ఎంచుకునేవాళ్లు ఎక్కువ. ఆ ఫోటో తీసినవాడు ఏ నెలలో వెళ్లాడో, ఎన్ని గంటలకు లేచాడో, ఎంత దూరం ఎక్కాడో అందులో కనిపించదు. అందుకని ఐదు చోట్లను పక్కపక్కన పెట్టి చూద్దాం: అరకు, లంబసింగి–వంజంగి, హార్స్లీ హిల్స్, ఊటీ–కూనూరు, మున్నార్. వికారాబాద్ దగ్గరి అనంతగిరిని కావాలనే వదిలేశాను. మూసీ పుట్టిన చోటు, మంచి అడవి, హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చు. చలి కోసం మాత్రం కాదు.

ముందు చూడవలసినవి

మొదటిది కొండ మీద మిగిలే సమయం. మూడు రోజుల సెలవంటే మూడు రోజులూ కొండ మీదే ఉంటామని అనుకుంటాం. కాగితం తీసుకుని, వెలుగు ఉండగా కొండ మీద ఎన్ని గంటలు గడుపుతారో రాయండి. హైదరాబాద్ నుంచి రైల్లో మున్నార్ వెళ్లాలంటే రానూపోనూ రెండు రోజులు పట్టాల మీదే పోతాయి. పైగా ఆలువా నుంచి కొండెక్కడానికి నాలుగు గంటలు. మూడు రోజుల సెలవులో ఇక మిగిలేది ఏమీ లేదు. దారిలో గడిపే ప్రతి గంటకూ కొండ మీద కనీసం రెండు పగటి గంటలు మిగలాలని నా లెక్క. అంతకంటే తగ్గితే అది ప్రయాణమే, విహారం కాదు.

రెండోది ఎత్తు, నెల. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం నిరాశలు తప్పుతాయి. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో విశాఖ ఉడికిపోతుంటే అరకులో ఓ ఆరు డిగ్రీలు తగ్గుతుంది. హాయిగా ఉంటుంది, చలి మాత్రం వేయదు. ఊటీ 2240 మీటర్లు. మే నెలలోనూ అక్కడ సాయంత్రం స్వెటర్ అడుగుతుంది. మరి వెయ్యి మీటర్ల లంబసింగికి డిసెంబరులో అంత చలి ఎక్కడిది? మబ్బు లేని శీతకాలపు రాత్రి నేలలోని వేడి త్వరగా ఆకాశానికి పోతుంది, బరువెక్కిన చల్లగాలి లోయలోకి దిగి అక్కడే నిలుస్తుంది. అది డిసెంబరు, జనవరి నెలల సంగతి. ఏప్రిల్‌లో వెళ్లి లంబసింగిని తిట్టుకుంటే తప్పు ఊరిది కాదు.

మూడోది మోకాళ్లు, కడుపులు. కారులో అందరికంటే పెద్దవారు, అందరికంటే చిన్నవారు ఎవరో చూసుకోండి. మిగిలినవాళ్లు ఎలాగైనా సర్దుకుంటారు. ఘాట్ రోడ్డు మీద మూడో మలుపుకే మొహం తెల్లబోయే పిల్లలుంటే రైలు దారి ఉన్న కొండ వెతకండి. తప్పదనుకుంటే ఇడ్లీ రెండుకు మించి పెట్టకుండా, ముందు సీట్లో కూర్చోబెట్టి, చేతికి ఒక నిమ్మకాయ ఇవ్వండి. మా ఇంట్లో ఇప్పటిదాకా పనిచేసింది అదే.

నాలుగోది ఎవరూ పైకి అనరు: వెళ్తున్నది చూడటానికా, కూర్చోవడానికా? రోజుకు ఆరు చోట్లు తిరిగితేనే డబ్బు గిట్టిందనుకునేవాళ్లు కొందరు. వరండాలో కుర్చీ, చేతిలో కాఫీ, ఎదురుగా చెట్లు ఉంటే చాలనుకునేవాళ్లు కొందరు. ఈ రెండు రకాలవాళ్లూ ఒకే కారులో ఉంటే గొడవ తప్పదు.

| చోటు | ఎత్తు (సుమారు, మీటర్లు) | ఎక్కడి నుంచి తేలిక | బాగుండే నెలలు | కనీసం ఎన్ని రాత్రులు | పెద్దవాళ్లతో |
|---|---|---|---|---|---|
| అరకు | 900 | విశాఖ | అక్టోబరు–ఫిబ్రవరి | 1 లేదా 2 | బాగుంటుంది, బొర్రా గుహల్లో మెట్లు తప్ప |
| లంబసింగి–వంజంగి | 1000, వంజంగి ఇంకా ఎత్తు | నర్సీపట్నం, పాడేరు | డిసెంబరు, జనవరి | 1 | వద్దు |
| హార్స్లీ హిల్స్ | 1265 | మదనపల్లె, తిరుపతి, బెంగళూరు | సెప్టెంబరు–ఫిబ్రవరి | 1 లేదా 2 | అన్నిటికంటే మేలు |
| ఊటీ–కూనూరు | 2240, 1850 | కోయంబత్తూరు, మైసూరు | డిసెంబరు–మే | 3 | బాగుంటుంది, చలికి సిద్ధపడితే |
| మున్నార్ | 1500 పైన | కొచ్చి, ఆలువా | సెప్టెంబరు–జనవరి | 4 | ఘాట్ దారి పొడవు |

అరకు: పైకి రైలు, కిందికి రోడ్డు

విశాఖ నుంచి 115 కిలోమీటర్లు. కారులో మూడు గంటలకు పైగా, కిరండూల్ రైల్లో దాదాపు నాలుగు గంటలు. పైకి రైల్లోనే వెళ్లండి. బైలడిల్లా ఇనుప ఖనిజం దించడానికి 1960లలో వేసిన లైను ఇది. సొరంగం మీద సొరంగం వస్తుంటుంది, పిల్లలు ప్రతి సొరంగంలోనూ అరుస్తారు, మూడోసారికి పెద్దవాళ్లూ అందుకుంటారు. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో సీటును కిటికీ వైపు తిప్పుకోవచ్చు. దానికి టికెట్లు ముందే అయిపోతాయి. దొరకకపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోండి, గాలి తగులుతుంది. నిజం చెప్పాలంటే నాకు అదే ఇష్టం.

ఒక జాగ్రత్త. ఈ బండి విశాఖలో ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది. హైదరాబాద్ నుంచి రాత్రి బండిలో దిగి నేరుగా ఇందులోకి ఎక్కేద్దామనుకుంటే, రాత్రి బండి గంట ఆలస్యమైతే చాలు, పథకమంతా కూలిపోతుంది. మాకు ఒకసారి అలాగే జరిగింది. ప్లాట్‌ఫారం మీద సామాన్లతో నిలబడి, వెళ్లిపోయిన బండి వెనుక దీపం చూశాం. అప్పటి నుంచి ముందు రోజే విశాఖ చేరి, సాయంత్రం బీచ్‌లో గడిపి, పొద్దున రైలెక్కుతున్నాం.

తిరుగు ప్రయాణంలో కారు మాట్లాడుకోండి. గాలికొండ వ్యూపాయింట్, అనంతగిరి (వికారాబాద్‌ది కాదు, ఇది వేరే) కాఫీ తోటలు, బొర్రా గుహలు అన్నీ ఆ దారిలోనే వస్తాయి. కాఫీ తోట దగ్గర పది నిమిషాలు ఆగండి. ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్లకు చుట్టుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో నడుము ఎత్తు కాఫీ మొక్కలు. శీతకాలంలో వెళ్తే కొమ్మ పొడవునా ఎర్రని పళ్లు గుత్తులుగా కనిపిస్తాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని పండించేది ఇక్కడి గిరిజన రైతులే.

బొర్రా గుహలు తప్పక చూడాలి, కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు లోపలి మెట్లు కష్టం. నేల తడిగా ఉంటుంది, చెప్పులు జారతాయి. మా అమ్మ గుహ నోటి దగ్గరే ఆగి, పైనున్న రాతి కప్పు చూసి, "ఇంతవరకు చాలు" అని బయట బెంచీ మీద కూర్చుంది. ఆ కాస్త చూసినా ఫరవాలేదు, సున్నపురాయిని నీళ్లు తొలిచిన ఆ వెడల్పు ద్వారం దగ్గరే గుహ గొప్పతనం తెలిసిపోతుంది.

నవంబరు ప్రాంతాల్లో వెళ్తే వలిసె పూలు చూడవచ్చు. లోయంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. చేలల్లో ఫోటోలు తీసుకుంటే రైతులు కొద్దిగా డబ్బులు అడుగుతారు. బేరమాడకండి, మన కాళ్ల కింద నలిగేది వాళ్ల నూనెగింజల పంట. దసరాకు మాత్రం ముందుగా గది లేకుండా బయలుదేరవద్దు. బెంగాల్ నుంచి పెద్ద సంఖ్యలో పర్యాటకులు వచ్చేది అప్పుడే. సంక్రాంతి వారమూ అంతే.

అరకు లోపమేమిటంటే, ఊరిలోపల చూడటానికి పెద్దగా ఏమీ లేదు. గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానం, చాపరాయి వాగు, ఒక పూట బొంగు చికెన్, అంతే. అందం దారిలో ఉంది. రెండు రాత్రులకు మించి ఉంటే పిల్లలకు విసుగొస్తుంది.

లంబసింగి, వంజంగి: నిద్ర త్యాగం చేసేవాళ్లకు

వీటిని ఒకే ప్రయాణంలో ఇరికించేవాళ్లు చాలామంది. రెండూ పక్కపక్కన లేవు. లంబసింగి చింతపల్లి మండలంలో ఉంది, నర్సీపట్నం వైపు నుంచి వెళ్తారు. వంజంగి పాడేరు పక్కన. ఒక తెల్లవారుజామున ఒకటే చూడగలరు.

ఇక్కడ అసలు దృశ్యం ఎనిమిది గంటలకల్లా అయిపోతుంది. మొదటిసారి నేను లంబసింగికి ఎనిమిదిన్నరకు చేరుకున్నాను. మామూలు కొండ ఊరు, మామూలు ఎండ. టీ కొట్టు అతను నవ్వుతూ, "మంచు ఇప్పుడే వెళ్లిపోయింది, రేపు రండి" అన్నాడు. మర్నాడు చెరువులవేనం దగ్గర అయిదింటికి నిలబడితే పక్కనున్న మనిషి కనిపించలేదు. కనుబొమల మీద నీటి చుక్కలు నిలిచాయి. వెలుగు రాగానే కింద లోయ నిండా మేఘం. ఆ అరగంటకు మాత్రం పేరు పెట్టడానికి లేదు.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. చలికి బయట ఉన్న మనిషి కొర్రులా బిగుసుకుపోతాడని. ఆంధ్రా కశ్మీర్ అనే బిరుదు చూసి మంచు పర్వతాలను ఊహించుకోకండి. ఇక్కడ ఉండేది పొగమంచు, మరీ చలి ముదిరిన రోజుల్లో గడ్డి మీద తెల్లటి పొర.

గదులు తక్కువ, గుడారాలు ఎక్కువ. మరుగుదొడ్ల సంగతి బుక్ చేసుకునేటప్పుడే అడగండి, మొహమాటం వద్దు. వంజంగిలో బండి దిగాక చీకట్లో ఎగుడుదిగుడు దారిలో ఎక్కాలి. మంచి బూట్లు, టార్చి తప్పనిసరి. పొగమంచులో ఘాట్ రోడ్డు నడపడం అలవాటు లేకపోతే స్థానిక డ్రైవరును పెట్టుకోండి. చిన్న పిల్లలతో, పెద్దవాళ్లతో వద్దని నేను గట్టిగానే చెబుతాను. పాతికేళ్ల స్నేహితుల గుంపుకు ఇంతకంటే మంచి శనివారం రాత్రి లేదు.

హార్స్లీ హిల్స్: ఏమీ లేకపోవడమే

ఇక్కడికి వెళ్లొచ్చినవాళ్లు "అక్కడ ఏముంది?" అంటారు. ఏమీ లేదు, నాకు నచ్చింది అదే. కొండ మీద నీలగిరి చెట్లు, గాలిబండ, కొన్ని గెస్ట్‌హౌసులు, పర్యాటక శాఖ హరిత రిసార్టు. గాలిబండ మీద సాయంత్రం నిలబడితే చున్నీలు, టోపీలు పట్టుకోవలసిందే. కింద మైదానంలో చెరువులు ఒక్కొక్కటే ఎర్రబడుతుంటాయి. అంతే కార్యక్రమం.

దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల కథ ఇక్కడివాళ్లు చెబుతారు, ఆమెకు గుడి కూడా ఉంది. 1870లలో కడప కలెక్టరు హార్స్లీ ఇక్కడ వేసవి ఇల్లు కట్టుకోవడంతో ఆయన పేరు నిలిచిపోయింది. నాకు మల్లమ్మ పేరే బాగుందనిపిస్తుంది.

ఘాట్ చిన్నదే, కారు పైదాకా వెళ్తుంది, నడక తక్కువ, మెట్లు అంతకంటే తక్కువ. తిరుమల దర్శనం చేసుకుని ఒక రాత్రి కొండ మీద విశ్రాంతిగా గడపాలనుకునే కుటుంబాలకు సరిగ్గా సరిపోతుంది. దారిలో మదనపల్లెలో ఆగితే బిసెంట్ థియసాఫికల్ కాలేజీ ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఆంగ్లంలోకి అనువదించింది అక్కడే. స్కూలు పిల్లలుంటే చూపించండి.

మే నెలలో మధ్యాహ్నం ముప్పై డిగ్రీలు దాటవచ్చు. అది చల్లదనం కాదు, ఉపశమనం. తిండికి ఎంపిక తక్కువ, సాయంత్రం ఏడు దాటాక చేయడానికి ఏమీ ఉండదు. కోతులున్నాయి. వరండాలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి లోపలికి వెళ్లారా, అది వాటిదే.

ఊటీ: ఊటీలో ఉండకండి

ఊటీ మీద నాకు కోపం లేదు. మే నెల ఆదివారం చేరింగ్ క్రాస్ దగ్గర కారులో గంట కూర్చుంటే ఎవరికైనా ఉంటుంది. ఊటీకి వెళ్లాలి, కానీ గది కూనూరులో తీసుకోవాలి. అది 1850 మీటర్ల ఎత్తు, చలి కాస్త తక్కువ, తేయాకు తోటలు గుమ్మం దగ్గరే, సిమ్స్ పార్కు నడిచి చూడదగ్గది. ఊటీకి మధ్యలో ఒక పగలు వెళ్లి రండి: 1848 నాటి బొటానికల్ గార్డెన్, 2637 మీటర్ల దొడ్డబెట్ట, చాలు. గదిని ఫోటో చూసి తీసుకోకండి. "సరస్సు కనిపించే గది" అని చెప్పి మాకు ఒక లాడ్జిలో ఇచ్చిన గది నుంచి సరస్సు కనిపించింది, బాత్రూం కిటికీలోంచి, మంచం ఎక్కితే.

అసలు సంగతి రైలు. మేట్టుపాళయం నుంచి ఊటీ దాకా 46 కిలోమీటర్ల మీటర్ గేజ్ లైను, 1908లో పూర్తయింది, 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. కల్లార్ దాటాక ఎత్తు ఎంత నిటారుగా ఉంటుందంటే, పట్టాల నడుమ పళ్లున్న ఇనుప పట్టీ వేశారు. ఇంజను కింది పళ్లచక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది. ప్రతి పన్నెండు అడుగులకు అడుగు ఎత్తు. కూనూరు దాకా తోసేది ఆవిరి ఇంజనే, పెట్టెల వెనకనుంచి. మొత్తం దారి దాదాపు అయిదు గంటలు. సీట్లు ఇరుకు, మోకాళ్లు మోకాళ్లకు తగులుతాయి. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే కూనూరు–ఊటీ మధ్య గంట ప్రయాణం చాలు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానకు కొండచరియలు పడి లైను మూతపడుతుంటుంది. ఆ రెండు నెలల్లో ఈ రైలు మీద ఆశ పెట్టుకుని బయలుదేరవద్దు. మిగతా నెలల్లో రిజర్వేషన్ తెరిచిన రోజే టికెట్ తీసుకోండి.

సొంత కారులో వెళ్లేవాళ్లకు మూడు మాటలు. 2024 మే నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు ఈ–పాస్ కావాలి. మద్రాసు హైకోర్టు ఆదేశం అది. ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది, వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలేనని పరిమితి ఉంటుంది కనుక ఆఖరి నిమిషందాకా ఆగకండి. ప్రభుత్వ బస్సులో వెళ్తే అవసరం లేదు. మైసూరు వైపు నుంచి వస్తే బందీపూర్ అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసేస్తారు. మసినగుడి మీదుగా 36 హెయిర్‌పిన్ మలుపుల నిట్టనిలువు దారి అలవాటైన చేతులకే, కొత్తవాళ్లు గూడలూరు దారి పట్టండి. ఇంకొకటి: నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం. స్టీలు సీసా వెంట ఉంచుకోండి.

మున్నార్: సమయం ఉంటేనే

అందంలో మిగతా నాలుగింటికంటే పై మాటే. కనుచూపు మేర దువ్వినట్టుండే తేయాకు తోటలు, వాటి వెనుక ఆనముడి శిఖరం. ఎరవికుళం జాతీయ ఉద్యానంలో వరయాడు కొండమేకలు మనిషికి పది అడుగుల దూరంలో మేస్తుంటాయి. అవి ఈనే ఫిబ్రవరి, మార్చి ప్రాంతాల్లో ఉద్యానం మూసేస్తారు, తేదీలు చూసుకోండి. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి 2018లో పూసింది, మళ్లీ 2030లో. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన జోరు, కొండచరియల భయం ఉంటాయి. కొచ్చికి విమానంలో వెళ్లి, నాలుగు రాత్రులు చేతిలో ఉంటేనే ఈ పేరు ఎత్తండి.

ఎవరికి ఏది

చిన్నపిల్లలున్న విశాఖ, విజయవాడ కుటుంబాలకు అరకు, ఆలోచించనక్కరలేదు. రాయలసీమవాళ్లకు, బెంగళూరులోని తెలుగువాళ్లకు హార్స్లీ హిల్స్ గుమ్మం ముందున్నట్టే. పెద్దవాళ్లు వెంట ఉంటే దూరమైనా అదే. మే నెల ఎండలోంచి పారిపోవడమే లక్ష్యమైతే కూనూరు ఒక్కటే జవాబు, వారం మధ్యలో వెళ్లగలిగితే ఇంకా మేలు. కొత్త దంపతులు కూనూరుకో మున్నార్‌కో వెళ్లవచ్చు, కానీ పెళ్లి మర్నాడే పదిహేను గంటల ప్రయాణం పెట్టుకోకండి. ఇద్దరూ అలసిపోయి ఉంటారు.

డిసెంబరులో అమెరికా నుంచి వచ్చేవాళ్లు నాలుగైదు రోజులు అర్ధరాత్రి రెండింటికే మేలుకుని కూర్చుంటారు. ఆ మెలకువను వృథా చేయకండి. లంబసింగికి బయలుదేరవలసిన సమయం సరిగ్గా అదే.

బుకింగ్ వరుస కూడా చెప్పేస్తాను. ముందు రైలు టికెట్లు, తర్వాత గది, ఆ తర్వాతే ఆఫీసులో సెలవు. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, సెలవు చేతిలో పెట్టుకుని గది కోసం వెతుకుతుంటారు.

ఈ డిసెంబరుకు మా ఇంట్లో అమ్మ ఓటు హార్స్లీ హిల్స్‌కు పడింది, గాలిబండ దాకా నడవనక్కరలేదని తెలిశాక. చెల్లెలు తన స్నేహితులతో వేరుగా వంజంగి వెళ్తోంది. టార్చి కొన్నది. బూట్లు నావి అడిగింది.